‘కొను’ అని రాసి కౌలుకిస్తున్నారు

పాలకొల్లు దగ్గరో రాజోలు దగ్గరో ఒక కౌలు రైతుని ఆపి, నీ కౌలు సంగతేంటని అడగండి. ఎకరాకి ఎన్ని బస్తాల మక్తా, సార్వాకి ఎంత, దాళ్వాకి ఎంత, చేను ఎప్పటికి వదలాలి, వరదొచ్చి పంట పోతే మక్తాలో తగ్గింపు ఉందా లేదా, అన్నీ తడుముకోకుండా చెబుతాడు. చేతిలో కాగితం లేకపోయినా చెబుతాడు. నోటిమాట మీద నడిచే కౌళ్లు డెల్టాలో కొల్లలు. అదే ఊళ్లో మూడు వేలు పోసి కంప్యూటర్ గేమ్ తీసుకున్న ఇంజనీరింగ్ కుర్రాణ్ణి అడగండి. నువ్వు కొన్నదేంటి? ఎప్పటిదాకా నీది? కంపెనీ రేపు వద్దనుకుంటే నీ డబ్బేమవుతుంది? జవాబుండదు. తప్పు ఆ కుర్రాడిది కాదు, అమ్మినవాళ్లు అతనికి ఆ ముక్క చెప్పలేదు.

గేమ్‌ని కౌలుకివ్వడం నేరమని నేను అనడం లేదు. సర్వర్ల మీద నడిచేదాన్ని శాశ్వతంగా రాసిచ్చెయ్యడం ఎవరికీ కుదరదు. నా అభ్యంతరం రెండు విషయాల మీద. కౌలుకిస్తూ బటన్ మీద ‘కొను’ అని రాయడం ఒకటి. కౌలేనని ఒప్పుకున్నాక కూడా గడువు చెప్పకపోవడం రెండోది. ఈ రెండోదే పెద్దది. గడువు తెలియని కౌలుకి మన దగ్గర ఏ రైతూ నాగలి కట్టడు.

స్టీమ్ అంటే కంప్యూటర్ గేములు అమ్మే పెద్ద ఆన్‌లైన్ స్టోరు. అందులో ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కే ఒప్పందంలోనే ఉంది అసలు మాట. సాఫ్ట్‌వేర్‌ని మనకి అమ్మడం లేదని, వాడుకోడానికి లైసెన్స్ మాత్రం ఇస్తున్నారని. ఆ ఖాతాని ఇంకొకరికి అమ్మకూడదు, బదిలీ చెయ్యకూడదు. తండ్రి పేరున ఉన్న కొబ్బరితోట కొడుక్కొస్తుంది. ఆయన పదిహేనేళ్లలో పోగేసిన గేముల ఖాతా మాత్రం నిబంధనల ప్రకారం రాదు. ఇదంతా ఎక్కడో లోపలి పేజీల్లో ఉండేది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024 సెప్టెంబరులో ఒక చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి అమల్లో పెట్టాక అది కొంచెం బయటపడింది. ఇచ్చేది లైసెన్స్ అయితే ‘కొను’ అన్న మాట ఊరికే వాడకూడదు, ఇది లైసెన్సేనని కొనేవాడికి కనపడేలా చెప్పాలి. చట్టం అమలుకి రాకముందే, 2024 అక్టోబరులో స్టీమ్ తన చెల్లింపు పేజీలో ఆ వాక్యం పెట్టింది. మీరు ఇప్పుడు భీమవరంలో కూర్చుని కొన్నా, డబ్బు కట్టే బటన్ దగ్గర చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది, అది చాలామంది గమనించరు. దించుకుని శాశ్వతంగా దగ్గర పెట్టుకోగలిగి, అమ్మినవాడు తర్వాత వెనక్కి లాక్కోలేని సరుక్కి ఆ హెచ్చరిక అక్కర్లేదు. అంటే నిజమైన అమ్మకం డిజిటల్‌లోనూ సాధ్యమేనని చట్టమే ఒప్పుకుంది. గాగ్ అనే స్టోరు చేసేది దాదాపు అదే. దాని గురించి తర్వాత చెబుతాను.

గేమ్ మూసేసినప్పుడు

యూబిసాఫ్ట్ వాళ్ల ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది. 2023 డిసెంబరులో అమ్మకం ఆపేశారు, 2024 మార్చి 31న సర్వర్లు కట్టేశారు. ఒక్కడే కూర్చుని ఆడుకునే భాగం అందులో బోలెడుంది, అయినా దానికీ సర్వరే కావాలన్నట్టు కట్టారు కాబట్టి మొత్తం గేమ్ మూగబోయింది. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. ఇది చూశాకే 2024 ఏప్రిల్‌లో రాస్ స్కాట్ అనే ఆయన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని ఉద్యమం మొదలుపెట్టాడు. యూరప్‌లో ఆ పిటిషన్ 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. వాళ్లు అడుగుతున్నది సర్వర్లు జీవితాంతం నడపమని కాదు. ఆపేసే రోజున గేమ్‌ని సర్వర్ లేకుండా నడిచే స్థితిలో వదిలిపెట్టమని.

‘ది క్రూ’ మూతపడ్డ 2024లోనే ఇంకో దారి కూడా కనబడింది. సోనీ వాళ్ల ‘కాంకర్డ్’ 2024 ఆగస్టు 23న విడుదలై, సెప్టెంబరు 6న మూతపడింది. కొన్న ప్రతివాళ్లకీ డబ్బు వెనక్కిచ్చారు. అంతకుముందు గూగుల్ తన స్టేడియా సేవని 2023 జనవరి 18న మూసేసినప్పుడు గేములకీ, కంట్రోలర్లలాంటి పరికరాలకీ కట్టిన డబ్బు తిరిగి ఇచ్చింది. చేతికి డబ్బొచ్చింది, మంచిదే. కానీ ఆ డబ్బు ఇచ్చింది వాళ్ల ఇష్టం మీద. ఒకరు ఇచ్చి, ఇంకొకరు ఇవ్వకుండా ఊరుకోగలిగారంటే, అది కొన్నవాడి హక్కు అవ్వలేదు, అమ్మినవాడి దయ అయ్యింది.

మన దగ్గరి అనుభవం ఇంకొంచెం వేరు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించినప్పుడు అందులో పబ్జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30తో ఇక్కడి సర్వర్ సేవ ఆగిపోయింది. కొనుక్కున్న స్కిన్‌లు (పాత్రలకీ ఆయుధాలకీ వేసే వేషాలు), గేమ్‌లోని కరెన్సీ అన్నీ తాళం పడ్డ గదిలో సామాన్లయ్యాయి. 2021 జులైలో అదే గేమ్ బీజీఎంఐ పేరుతో వచ్చి పాత ఖాతాలోని సరుకు తెచ్చుకోనిచ్చింది. మళ్లీ 2022 జులై చివర్లో అదీ స్టోర్లలోంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధంలోకి వెళ్లింది. ప్రభుత్వ ఆదేశం వల్ల ఆగినదానికి కంపెనీని నిలదీయడం కష్టం. అందుకే ఇలాంటి గేముల్లో ముందుగా పెద్ద మొత్తం వేసి నిల్వ ఉంచుకోవద్దని గట్టిగా చెబుతాను. ఈ వారం వాడేదానికి ఈ వారమే వెయ్యండి. గేమ్ వాలెట్‌లో మిగిలిన నాలుగొందలకి బ్యాంకు డిపాజిట్‌కున్న రక్షణేదీ లేదు.

మూత ఇంకో రకంగా కూడా పడుతుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. 2024 జనవరి 1తో స్టీమ్, విండోస్ 7, 8, 8.1లకి మద్దతు ఆపేసింది. గేమ్ పాతదే, కంప్యూటర్ పాతదే, రెండూ ఒకదానికొకటి సరిపోయేవే. మధ్యలో ఉన్న స్టీమ్ ప్రోగ్రామ్ మాత్రం ఆ విండోస్ మీద పనిచేస్తుందన్న హామీ పోయింది. పాత డెస్క్‌టాప్‌లతో నడిచే ఇంటర్నెట్ సెంటర్లకీ, అన్న వాడిన కంప్యూటర్ మీద ఆడుకునే తమ్ముళ్లకీ తగిలే దెబ్బ ఇది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇప్పుడు పాత సిస్టమ్ మీద గేమ్ తీసుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

రెండు గంటలు ఎలా వాడాలి

అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ కొనేవాడు చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తాడు. నీళ్ల చప్పుడు బట్టి కాయ సంగతి తెలుస్తుంది. గేముల్లో ఆ ఊపి చూసే అవకాశం పేరు రిఫండ్. స్టీమ్ దీన్ని 2015 జూన్‌లో మొదలుపెట్టింది. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలకి తక్కువుంటే, కారణం ఏదైనా సరే డబ్బు వెనక్కి. ‘నచ్చలేదు’ అన్నా చాలు. నియమం ఇంత తేలికగా ఉన్నా మన వైపు కుర్రాళ్లు దాన్ని పోగొట్టుకునే దారులు చాలా ఉన్నాయి. వాటి గురించి కాస్త వివరంగానే చెప్పాలి.

మొదటిది, 14 రోజులు లెక్క మొదలయ్యేది కొన్న రోజు నుంచి. డౌన్‌లోడ్ పూర్తయిన రోజు నుంచి కాదు. ఒక గేమ్ 100 జీబీ అనుకోండి. ఇంట్లో ఫైబర్ లైన్ 40 ఎంబీపీఎస్ వేగం నిలకడగా ఇస్తే దాదాపు ఐదున్నర గంటల్లో దిగుతుంది. లంక గ్రామాల్లో ఇంకా ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకి 2 జీబీ ప్యాక్ మీద నడిచే ఇళ్లున్నాయి. అక్కడ అదే గేమ్‌కి 50 రోజులు పడుతుంది. గేమ్ ముఖం చూసేసరికి రిఫండ్ గడువు దాటి నెల దాటిపోతుంది. కాబట్టి నెట్ బలంగా ఉన్న చోట దించడానికి ఏర్పాటు చేసుకున్నాకే డబ్బు కట్టండి. స్నేహితుడి దగ్గర అదే గేమ్ ఉంటే, స్టీమ్ ఫోల్డర్‌లో ‘స్టీమ్‌యాప్స్’, దాన్లో ‘కామన్’ కింద ఆ గేమ్ ఫోల్డర్ ఉంటుంది. దాన్ని హార్డ్ డిస్క్ మీద తెచ్చి మీ కంప్యూటర్‌లో అదే చోట పెట్టి, కొన్నాక ‘ఇన్‌స్టాల్’ నొక్కితే స్టీమ్ ఉన్న ఫైళ్లని గుర్తుపట్టి తేడా ఉన్నవే దించుతుంది. ఇద్దరి కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉంటే స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ అనే సదుపాయం ఆ పని తనే చేస్తుంది.

రెండోది, ఆ 2 గంటల గడియారం. డౌన్‌లోడ్ సమయం అందులోకి రాదు గానీ, ‘ప్లే’ నొక్కిన క్షణం నుంచి గేమ్ ప్రోగ్రామ్ తెరిచి ఉన్నంతసేపూ లెక్కలోకి వస్తుంది. కొన్ని కంపెనీలు ముందు తమ సొంత లాంచర్ తెరుస్తాయి, అందులో ఖాతా తెరవమంటాయి, ఈమెయిల్‌కి వచ్చిన కోడ్ వెయ్యమంటాయి. గడియారం నడుస్తూనే ఉంటుంది. కొత్త గేములు చాలావరకు మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (తెర మీద బొమ్మని గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటాయి. పాత ప్రాసెసర్ మీద అది అరగంట దాకా పట్టొచ్చు, అదీ లెక్కే. 2020లో వచ్చిన ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’ అయితే స్టీమ్‌లో చిన్న ఫైలు మాత్రం దింపి, మిగతా భారీ సరుకంతా గేమ్ తెరిచాక లోపల దించుకునేది. విమానం రన్‌వే ఎక్కకముందే చాలామందికి 2 గంటలు చెల్లిపోయాయి. ఇంకో చిక్కు, గేమ్ మూసినా వెనకాల ప్రోగ్రామ్ వేలాడుతూ ఉండిపోవడం. స్టీమ్‌లో పచ్చటి ‘ప్లే’ బదులు ఇంకా ‘స్టాప్’ అని కనిపిస్తోందంటే గడియారం ఆగలేదన్నమాట. టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ప్రోగ్రామ్‌ని ముగించండి. రాత్రి అలా వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి రిఫండ్ హక్కు పోయినట్టే.

ఆ 2 గంటల్ని కథ చూడ్డానికి ఖర్చు పెట్టకండి, పరీక్షకి వాడండి. మొదట షేడర్లు అయ్యేదాకా ఆగి, సెట్టింగ్స్ మీ స్క్రీన్ రిజల్యూషన్‌కి పెట్టి, ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపించే మీట వెయ్యండి. మొదటి పావుగంట ట్యుటోరియల్ గదుల్లో ఏ గేమైనా బాగానే నడుస్తుంది, దాన్ని నమ్మొద్దు. జనం, పొగ, వాన, దూరపు చెట్లు ఉన్న చోటికి వెళ్లి అక్కడ ఆగడం, కుదుపులు చూడండి. వీడియో మెమరీ 4 జీబీ ఉన్న కార్డు మీద టెక్స్చర్ ఎక్కువలో పెడితే సగటు ఫ్రేమ్ రేటు బాగానే కనపడుతూ మధ్యమధ్యలో ఒక కుదుపు ఇస్తుంది. అది తగ్గించినా పోకపోతే మీ యంత్రానికి గేమ్ కాదు. నలుగురితో ఆడేదైతే దగ్గరి సర్వర్ ముంబైలోనా, సింగపూర్‌లోనా చూసి, రాత్రి ఎనిమిదీ పదీ మధ్య పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) కొలవండి, పగటి పింగ్ పనికిరాదు. ఒకసారి సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవండి. గంటన్నర దగ్గర ఆపేసి నిర్ణయం తీసుకోండి. ఇంకో అరగంట ఉంది కదా అని సాగదీస్తే చేజారుతుంది.

అడిగే పద్ధతి ఇది. స్టీమ్ హెల్ప్ పేజీలో ‘పర్చేజెస్’ తెరిచి, గేమ్ ఎంచుకుని, ‘ఐ వుడ్ లైక్ ఎ రిఫండ్’ నొక్కి, తర్వాత ‘రిక్వెస్ట్ ఎ రిఫండ్’. డబ్బు స్టీమ్ వాలెట్‌లోకి కావాలా, కట్టిన దారిలోనే కావాలా అని అడుగుతుంది. ముందుగా వాలెట్ ఎంపికై కనపడితే మార్చుకోండి. వాలెట్‌లో పడ్డ డబ్బు ఆ స్టోరు గడప దాటి రాదు. ఒప్పుకున్నాక సాధారణంగా వారం లోపు చేరుతుంది. విదేశీ లావాదేవీలాంటివాటికి ఇంకొంచెం ఎక్కువ. ఈమెయిల్‌లో వచ్చే రిఫరెన్స్ నంబరు దాచుకోండి.

చిన్న చిన్న సంగతులు ఇంకొన్ని. ప్రీ-ఆర్డర్ చేస్తే విడుదలకి ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. అయితే ఎక్కువ డబ్బు కట్టి ముందుగా ఆడే ఎడిషన్లలో, 2024 ఏప్రిల్ నుంచి, విడుదలకి ముందు ఆడిన సమయం కూడా 2 గంటల్లో కలుస్తోంది. కొన్న మర్నాడే సేల్ పెట్టారనుకోండి, గడువులో ఉంటే వెనక్కిచ్చి తక్కువ ధరకి మళ్లీ కొనుక్కోవచ్చు, దాన్ని దుర్వినియోగంగా చూడబోమని స్టీమే రాసింది. దొంగాటతో నిషేధం పడితే ఆ గేమ్‌కి రిఫండ్ ఉండదు. బయట కొన్న కీకి, అంటే గేమ్‌ని ఖాతాలోకి చేర్చే కోడ్‌కి, స్టీమ్ డబ్బివ్వదు.

ఎపిక్ అనే ఇంకో స్టోరులోనూ 14 రోజులు, 2 గంటలే. గాగ్‌లో 30 రోజులు, ఆడినా సరే, గేమ్ పనిచెయ్యకపోయినా నచ్చకపోయినా. మన మీద అంత నమ్మకం పెట్టినవాళ్లని మోసం చెయ్యకూడదని నా అభిప్రాయం, ఆడేసి తిరిగిచ్చే అలవాటు చేస్తే ఆ తలుపు అందరికీ మూసుకుంటుంది. ప్లేస్టేషన్ స్టోరులో 14 రోజులున్నా, డౌన్‌లోడ్ మొదలుపెట్టగానే హక్కు పోతుంది. సరుకు చూసే లోపే ఆ గడువు ముగిసినట్టు. గేమ్ పాడైతే తప్ప. ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబరులో ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, సోనీ తన నియమాన్ని పక్కనపెట్టి దాదాపు వారానికే గేమ్‌ని స్టోరులోంచి తీసేసి డబ్బులిచ్చింది, 2021 జూన్ దాకా మళ్లీ పెట్టలేదు.

కొనే పేజీలో ఎక్కడ చూడాలి

స్టీమ్‌లో ట్రైలర్, ఫొటోలు పేజీ ఎడమవైపు ఉంటాయి. మీకు కావలసినవి కుడివైపు సన్నటి పెట్టెల్లో ఉంటాయి. వేరే కంపెనీ ఖాతా తప్పనిసరా, కాపీ కొట్టకుండా వేసే డెనువో లాంటి తాళం ఉందా, దానికి రోజుకి ఇన్ని కంప్యూటర్లే అన్న పరిమితి ఉందా, విండోస్ లోపలి పొరదాకా దిగే యాంటీ-చీట్ ఉందా, ఇవన్నీ అక్కడ రాస్తారు. డెనువో ఉంటే తరచుగా కనపడే పరిమితి రోజుకి 5 కంప్యూటర్లు. ఒకే ఖాతాని సెంటర్‌లో వరసగా సిస్టమ్‌లు మార్చి తెరిచేవాళ్లకి ఇది తగులుతుంది. ‘సింగిల్ ప్లేయర్’ అని రాసి ఉన్నా, దాని పక్కనే నిరంతర ఇంటర్నెట్ కావాలన్న ముక్క ఉందేమో సిస్టమ్ అవసరాల కింద చివరి వరసదాకా చదవండి. తుఫాను రోజుల్లో రెండ్రోజులు నెట్ పోయే ఊళ్లలో ఆ ఒక్క వరస మొత్తం గేమ్ విలువని మార్చేస్తుంది.

గాగ్ విషయం చెబుతానన్నాను. అక్కడ గేమ్‌కి తాళం ఉండదు, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకుని దగ్గర పెట్టుకోవచ్చు. పెద్ద గేములు ఒక సెటప్ ఫైలు, దాని వెంట 4 జీబీ దాకా ఉండే ముక్కలుగా వస్తాయి. ఆ ముక్కల్లో ఒక్కటి తక్కువైనా, సగంలో ఆగినా, ఇన్‌స్టాల్ చివర్లో ఫెయిలవుతుంది. అన్నీ దించాక ఒకసారి నిజంగా ఇన్‌స్టాల్ చేసి చూసి, అప్పుడు హార్డ్ డిస్క్‌లోకి చేర్చండి. పెన్‌డ్రైవ్ పాత ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ నిండిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. అన్ని గేములూ అక్కడ దొరకవు. కానీ ఒకే గేమ్ రెండు చోట్లా అదే ధరకి ఉంటే, నేను చెప్పేది ఒక్కటే: తాళం లేనిది తీసుకోండి.

మూడొందల గేమ్

ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్‌లో నాలుగు వేల గేమ్‌ని మూడొందలకి ఇస్తామని చెప్పేవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ‘ఆఫ్‌లైన్ యాక్టివేషన్’ అంటారు. వాళ్లు చేసేది ఇది: తమ ఖాతాలో గేమ్ ఒకసారి కొని, అదే లాగిన్‌ని పదిమందికి ఇచ్చి, లాగిన్‌కి కావలసిన స్టీమ్ గార్డ్ కోడ్ వాట్సాప్‌లో పంపి, తెరిచాక ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టుకోమంటారు. కొన్నాళ్లు నడుస్తుంది. ఆ తర్వాత గేమ్‌కి అప్‌డేట్ వచ్చినా, మీరు విండోస్ మళ్లీ వేసుకున్నా, తాళం మళ్లీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ అడుగుతుంది. అప్పటికి ఆ రోజు పరిమితి ఇంకెవరో వాడేసి ఉంటారు, లేదా అమ్మినవాడి నంబరు పనిచెయ్యదు. ఖాతా మీది కాదు కాబట్టి స్టీమ్ వినదు. బిల్లు లేదు కాబట్టి వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి ఏమీ ఉండదు. విడిగా తక్కువకి అమ్మే కీలలో ఇంకో ప్రమాదం ఉంది. దొంగిలించిన కార్డుతో కొన్న కీ అయితే, కార్డు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేశాక కంపెనీ ఆ కీని రద్దు చేస్తుంది, మీ లైబ్రరీలోంచి గేమ్ పోతుంది. వేరే దేశానికి కట్టేసిన కీ అయితే మొదటే పనిచెయ్యదు.

డబ్బు లేకే కుర్రాళ్లు ఆ దారి పడతారని నాకు తెలుసు, వాళ్లని తిట్టబుద్ధి కాదు. సేల్ రోజుల్లో రెండేళ్ల పాత గేమ్ సగం ధరకన్నా తక్కువకి సొంత ఖాతాలోకి వస్తుంది. అప్పటిదాకా ఆగమని మాత్రం చెబుతాను.

ఇంట్లో వాళ్లకి ఒక మాట. మన వైపు ‘ఆన్‌లైన్ గేమ్’ అనగానే రమ్మీ అనుకుంటారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌నీ మామూలు గేముల్నీ అందులో విడిగానే చూసింది. రెండూ ఒకటేనని ఇంట్లో గొడవ చేస్తే పిల్లలు గేమ్ కొన్న సంగతే దాస్తారు. దాచినవాడు బిల్లు దాచుకోడు, మోసపోతే చెప్పుకోడు. మూడొందల గేమ్ అమ్మేవాడికి కావలసింది సరిగ్గా అలాంటి పిల్లాడే.

ఫిర్యాదు ఇక్కణ్ణుంచే

‘వాళ్లెక్కడో అమెరికాలో ఉన్నారు, మనమేం చేస్తాం’ అనేది తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేసేవాడు తానుండే చోటే కేసు వేసుకోవచ్చు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ సరుకుకీ వర్తిస్తాయని సూటిగా రాశారు. ఇక్కడ ఆఫీసు లేకపోయినా ఇక్కడివాళ్లకి పద్ధతిగా అమ్మే విదేశీ సంస్థలకీ అవి వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. లోపమున్న సరుకుకి, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుకి డబ్బు వాపసు నిరాకరించకూడదు. విదేశీ స్టోరుని స్థానిక చట్టం పట్టుకోగలదా అంటే ఆస్ట్రేలియా పట్టుకుంది. అక్కడి వినియోగదారుల కమిషన్ స్టీమ్ నడిపే వాల్వ్ మీద కేసు వేసి గెలిచింది, 2016లో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది, వాల్వ్ పై కోర్టులకి వెళ్లినా నిలబడలేదు.

మెట్లు ఇలా ఎక్కండి. ముందు ఆధారం. కొన్న ఇన్‌వాయిస్, యూపీఐ లావాదేవీ నంబరు, స్టోరు పేజీలో ఆ రోజున రాసి ఉన్న వాగ్దానాల స్క్రీన్‌షాట్లు, గేమ్ పడిపోయినప్పటి వీడియో. స్టోరు పేజీని వాళ్లు తర్వాత మార్చేస్తారు, కాబట్టి కొన్న రోజే తీసి పెట్టుకోవాలి. రెండోది, స్టోరులోనే రాతపూర్వకంగా రిఫండ్ అడగడం. తిరస్కరిస్తే ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్. ఆ తర్వాత 1915కి ఫోన్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు, డాకెట్ నంబరు ఇస్తారు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో కమిషన్లున్నాయి. యానాం వాళ్లది పుదుచ్చేరి పరిధి అని మర్చిపోవద్దు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. స్క్రీన్‌షాట్లకి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జత చేస్తే ‘ఇది నిజమైనదా’ అన్న వాదన ముందే ఆగుతుంది.

చట్టంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా కనిపించేది ‘అన్యాయమైన ఒప్పందం’ అన్న నిర్వచనం. సరైన కారణం లేకుండా ఒక పక్షం తనకి తానే ఒప్పందాన్ని రద్దు చేసుకునే అధికారం రాసుకుంటే అది అందులోకి వస్తుంది. లైసెన్స్ ఎప్పుడైనా తీసేస్తామనే నిబంధన మీద వాదించడానికి ఇంతకన్నా సూటి ఆధారం లేదు. అయితే ఆ రకం ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కుదరదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. ఎనిమిదొందల గేమ్ కోసం ఒక్కడు వెళ్లడు. ఒకే గేమ్‌లో నష్టపోయినవాళ్లు పదిమంది కలిస్తే ఉమ్మడిగా వెయ్యడానికి చట్టం దారిచ్చింది.

ఒక జాగ్రత్త. స్టోరు మీద కోపంతో బ్యాంకుకెళ్లి, కట్టిన డబ్బు వెనక్కి లాగమని చార్జ్‌బ్యాక్ వేస్తే మీ ఖాతా మొత్తానికి తాళం పడొచ్చు, ఒక గేమ్ గొడవలో మిగతా నలభై గేములు చిక్కుకుంటాయి. బ్యాంకు దారి మీకు తెలియకుండా డబ్బు పోయినప్పటికి దాచుకోండి. అప్పుడు మాత్రం ఆలస్యం వద్దు. బయటివాడి మోసమైతే 3 పని దినాల్లోపు బ్యాంకుకి చెప్పినవాడికి ఆర్‌బీఐ నియమాల ప్రకారం బాధ్యత లేదు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా వెంటనే ఫోన్ చెయ్యాలి.

ఇక అడగాల్సింది. 2023 నవంబరు 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల (ఆన్‌లైన్‌లో కొనేవాణ్ణి బోల్తా కొట్టించే ఎత్తుల) మీద మార్గదర్శకాలు తెచ్చి 13 రకాల మాయల్ని పేరుపెట్టి నిషేధించింది. దొంగ కౌంట్‌డౌన్లు, చందా వలలు అన్నీ ఉన్నాయి అందులో. గడువు దాచి అమ్మడం మాత్రం ఆ జాబితాలో లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ లోటు పూడ్చాలి. ‘కొను’ బటన్ పక్కన మూడు వరసలు చాలు: ఇది లైసెన్స్. సర్వర్లు కనీసం ఫలానా తేదీదాకా నడుపుతాం. ఆపాక ఈ గేమ్ ఆఫ్‌లైన్‌లో నడుస్తుంది, లేదా నడవదు.

అసాధ్యమేమీ కాదు. 1966 విత్తన చట్టం పుణ్యమా అని తణుకులో కొన్న వరి విత్తనాల సంచి మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ అచ్చువేసి ఉంటాయి.